‘1917’ అని చెక్కి ఉంటే నమ్మేస్తారా?

పాత మిలటరీ బైనాక్యులర్లు, టెలిస్కోప్‌లు, దిక్సూచీలు షెల్ఫ్‌లో పెట్టుకుంటే చూడ్డానికి బాగుంటాయి. అక్కడితో ఆగకుండా ‘ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎలా పనిచేస్తుంది’ అని ఆరా తీయడం మొదలుపెడితే ఇంటర్వ్యూ గదిలోనూ పనికొస్తాయి. ఎలాగంటారా? చదవండి.

బీటెక్ అయిపోయిన ఏడాది అది. భీమడోలులో ఇంట్లో కూర్చుని రోజుకు పది కంపెనీలకు రెజ్యూమె పంపుతున్నా. అప్పుడు ఆన్‌లైన్‌లో ఓ ఇత్తడి టెలిస్కోప్ కంటపడింది. ఒకదాంట్లోంచి ఒకటి బయటికొచ్చే మూడు గొట్టాలు, పైన తోలు తొడుగు, దాని పక్కనే ‘కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917’ అని చెక్కిన అక్షరాలు. ‘మొదటి ప్రపంచ యుద్ధంలో నౌకాదళం వాడిన అసలు వస్తువు’ అన్నాడు అమ్మే అతను. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులోంచి 4,800 రూపాయలు పెట్టి కొనేశా. టీవీ పక్కన పెట్టి, వచ్చినవాళ్లందరికీ చూపించి తెగ మురిసిపోయా.

ఆ ముచ్చట వారమే! నా బ్లాగ్‌లో దాని గురించి రాద్దామని కంపెనీ చరిత్ర వెతికా. గ్లాస్గోలో లార్డ్ కెల్విన్ పేరుతో నడిచిన పరికరాల సంస్థ ఒకటి, లండన్‌లో హెన్రీ హ్యూస్ అండ్ సన్ అనే సంస్థ మరొకటి. ఈ రెండూ కలిసి ‘కెల్విన్ అండ్ హ్యూస్’ అన్న పేరు పెట్టుకున్నది 1947లో. మరి 1917లో ఆ పేరు టెలిస్కోప్ మీదకు ఎలా వచ్చింది? పుట్టని పిల్లాడికి పెళ్లి శుభలేఖ అచ్చేసినట్టుంది వ్యవహారం! నేను కొన్నది పాత వస్తువు కాదు, పాతదానిలా కనిపించే కొత్త బొమ్మ.

డబ్బు పోయిందని బాధపడ్డా. కానీ ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్లలో ఎవరూ నేర్పని పని ఒకటి ఆ వారం నేర్చుకున్నా. ఒక వస్తువు తన గురించి తాను చెప్పుకున్న మాటను నమ్మకుండా దాన్నే ప్రశ్నించడం. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఇది ఎందుకు అవసరమో కాసేపట్లో చెబుతా.

నకలు తప్పు కాదు, అబద్ధం తప్పు

ఇలాంటి ఇత్తడి టెలిస్కోప్‌లు, సెక్స్‌టెంట్లు, దిక్సూచీలు ఎక్కువగా తయారయ్యేది మన దేశంలోనే. ఉత్తరాఖండ్‌లోని రూర్కీ సర్వే, డ్రాయింగ్ పరికరాలకు పేరున్న ఊరు. 1847లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ (ఇప్పటి ఐఐటీ రూర్కీ), గంగా కాలువ పనులు, వాటి వర్క్‌షాపుల నీడలో ఈ చేతిపని పెరిగింది. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ ఇత్తడి పనికి ప్రసిద్ధి. అక్కడి పనివాళ్లు చేసేవి అలంకరణ వస్తువులు. వాటిని ‘నకలు’ అని చెప్పి అమ్మితే ఏ గొడవా లేదు. ‘యుద్ధం నాటిది’ అని చెప్పి అమ్మినప్పుడే మోసం.

నకలును పట్టుకోవడానికి తేదీ ఒక్కటే ఆధారం కాదు. అసలు సైనిక పరికరం మీద అలంకారం దాదాపు ఉండదు. మోడల్ పేరు, తయారీదారు, సంవత్సరం, వరుస సంఖ్య, స్టోర్ గుర్తు... అన్నీ పొట్టిగా, పనికి సరిపడా మాత్రమే ఉంటాయి. ఓడ బొమ్మలు, లంగరు బొమ్మలు, తీగలు చుట్టుకున్న అక్షరాలు కనిపిస్తే అనుమానించండి. బ్రిటిష్ ప్రభుత్వ సామాను మీద పైకి చూపే బాణం గుర్తు ఉంటుంది. మూడు గీతలతో కాకి పాదంలా కనిపిస్తుంది. కెనడాలో చేసిన వాటిపై ఆ బాణం ఇంగ్లిష్ ‘సి’ అక్షరం లోపల ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ బైనాక్యులర్ల మీద కంపెనీ పేరుకు బదులు రహస్య కోడ్ ఉంటుంది. ‘బీఎల్‌సీ’ అని మూడు చిన్న అక్షరాలుంటే అది యేనా నగరంలోని కార్ల్ జైస్ అన్నమాట. అందుకే యుద్ధకాలపు జర్మన్ సైనిక బైనాక్యులర్ మీద ‘జైస్’ అని పెద్ద అక్షరాలు మెరిసిపోతుంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

మన చుట్టూ ఉన్న చరిత్ర

‘ఇవన్నీ లండన్, బెర్లిన్ కబుర్లు, మనకెందుకు?’ అనుకోకండి. భీమడోలు నుంచి తాడేపల్లిగూడెం వైపు వెళ్తే మాధవరం ఉంది. ‘మిలటరీ మాధవరం’ అంటేనే అందరికీ తెలుస్తుంది. ఇంటికొకరైనా సైన్యంలో పనిచేసిన ఊరది. ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ ఆ ఆనవాయితీ నడుస్తోంది. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆంగ్లేయులు వేసిన రన్‌వే ఉంది. అదే ఊళ్లో 2015 నుంచి ఎన్‌ఐటీ నడుస్తోంది. అంటే ఇంజినీరింగ్ విద్యార్థులు రోజూ తిరిగే ఊళ్లోనే యుద్ధకాలపు ఆనవాళ్లున్నాయి. మనమే పట్టించుకోం.

నేనూ పట్టించుకోలేదు. నా నకిలీ టెలిస్కోప్ కథ వీధంతా పాకాక, మేం మిలటరీ తాతగారు అని పిలిచే పొరుగాయన పిలిచారు. బీరువా పైనుంచి ఓ తోలు పెట్టె దించారు. లోపల నల్లరంగు వెలిసిన బైనాక్యులర్. వాళ్ల నాన్నగారు యుద్ధం అయ్యాక మిగులు సామాను వేలంలో కొన్నారట. ‘టేలర్ హాబ్సన్, 1943’, ఆ పక్కన బాణం గుర్తు, ‘6’ అన్న అంకె. నేను గుర్తులన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటూ కూర్చుంటే ఆయన నవ్వారు.

‘‘ఒరేయ్ బాబూ, దాన్ని చూస్తావేంట్రా! దాంట్లోంచి చూడు.’’

చూశా. కుడి కంట్లో మంచు పట్టినట్టు మసక. ఎడమ కంట్లో సాలెగూడు లాంటి గీతలు. అది ఫంగస్. కొల్లేటి గాలిలో తేమకు అద్దం మీద పెరిగిన బూజు. ఆ రోజు నుంచి నా చదువు మళ్లీ మొదలైంది.

ఇంటర్‌లో చదివిన కాంతిశాస్త్రమే

ఇలాంటి వస్తువు చేతికొస్తే ముందు కొలవండి. ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. స్కేలు, ఫోన్, నోట్‌బుక్ చాలు.

మొదటిది ఆ అంకెల అర్థం. సైనిక బైనాక్యులర్ మీద 6×30 అని ఉంటే వస్తువు ఆరు రెట్లు దగ్గరగా కనిపిస్తుందని, ముందున్న పెద్ద లెన్స్ వ్యాసం 30 మిల్లీమీటర్లని అర్థం. 30ని 6తో భాగిస్తే 5. బైనాక్యులర్‌ను చేయి చాచి పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూస్తే, కంటి దగ్గరి లెన్స్‌లో గుండ్రటి వెలుగు బిళ్ల కనిపిస్తుంది. దాని వ్యాసం ఆ 5 మిల్లీమీటర్లే. కావాలంటే స్కేలు పెట్టి చూసుకోండి. నౌకాదళాల వాళ్లు 7×50 ఎందుకు వాడారో ఇప్పుడు తెలుస్తుంది. 50ని 7తో భాగిస్తే ఏడు మిల్లీమీటర్ల పైచిలుకు. చీకట్లో కుర్రాళ్ల కంటిపాప తెరుచుకునేది దాదాపు అంతే. రాత్రి కాపలాకు కావాల్సిన వెలుతురంతా కంట్లోకి చేరుతుంది.

రెండోది ప్రిజం. మామూలు టెలిస్కోప్‌లో బొమ్మ తలకిందులవుతుంది. గొట్టమూ పొడవే. ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో 1854లో పేటెంట్ పొందిన పద్ధతిలో రెండు ప్రిజాలు కాంతిని మడత పెట్టి, బొమ్మను నిటారు చేసి, గొట్టాన్ని పొట్టిగా చేస్తాయి. 1894లో జైస్ కంపెనీ ఈ పద్ధతితో చేసిన బైనాక్యులర్లను మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పటి ఖరీదైన ఫోన్లలో పెరిస్కోప్ జూమ్ కెమెరా అంటున్నారే, అక్కడా ఇదే కిటుకు. పల్చటి ఫోన్‌లో పొడవాటి లెన్స్ పట్టదు కాబట్టి కాంతిని ప్రిజంతో పక్కకు తిప్పుతారు.

మూడోది కోటింగ్. కోటింగ్ లేని గాజు ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం కాంతి వెనక్కి పోతుంది. పాత బైనాక్యులర్‌లో ఒక్కో గొట్టంలో గాలి, గాజు కలిసే ఉపరితలాలు పది ఉన్నాయనుకుందాం. 0.96ని పదిసార్లు గుణించండి. 0.66 వస్తుంది. అంటే మూడో వంతు వెలుతురు దారిలోనే పోయింది! జైస్‌లో పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా 1935లో పల్చటి పూతతో ఈ నష్టాన్ని తగ్గించే పద్ధతి కనిపెడితే జర్మనీ దాన్ని సైనిక రహస్యంగా ఎందుకు దాచిందో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది. మీ చేతిలోని దానికి పూత ఉందా లేదా తెలుసుకోవాలంటే ట్యూబ్‌లైట్ ప్రతిబింబం చూడండి. తెల్లగా ఉంటే పూత లేనట్టే. నీలంగానో ఊదాగానో ఉంటే ఉన్నట్టు. 1943 నాటి తాతగారి బైనాక్యులర్‌లో ట్యూబ్‌లైట్ తెల్లగానే కనిపించింది.

నాలుగోది దూరం కొలవడం. అమెరికన్, సోవియట్ సైనిక బైనాక్యులర్లలో ఒక కన్నులో సన్నటి గీతల స్కేలు కనిపిస్తుంది. అది ‘మిల్స్’లో ఉంటుంది. వెయ్యి మీటర్ల దూరంలో ఒక మీటరు వస్తువు ఎంత కోణంలో కనిపిస్తుందో అదే సుమారు ఒక మిల్. వస్తువు ఎత్తును వెయ్యితో గుణించి, కనిపించిన మిల్స్‌తో భాగిస్తే దూరం వచ్చేస్తుంది. ఆరు మీటర్ల స్తంభం 12 మిల్స్ ఉంటే అది 500 మీటర్ల అవతల ఉందన్నమాట. పూర్తి వృత్తానికి అమెరికన్ పద్ధతిలో 6,400 మిల్స్ అయితే సోవియట్ పద్ధతిలో 6,000. తయారైన దేశం తెలియకుండా లెక్క వేస్తే తప్పు వస్తుంది. డేటా ఏ యూనిట్‌లో ఉందో చూడకుండా కోడ్ రాసే మిత్రులు ఈ మాట గుర్తుపెట్టుకోండి!

కొనే ముందు ఈ ఐదూ అడగండి

1. తయారీదారు పేరు, సంవత్సరం, మోడల్ ఒకదానికొకటి సరిపోతున్నాయా? ఆ పేరుతో ఆ ఏడాదికి కంపెనీ ఉందా?
2. అరుగుదల సహజంగా ఉందా? చేయి తగిలే చోట, పట్టీ రాసుకునే చోట రంగు పోవాలి. అన్ని వైపులా ఒకేలా ‘పాతబడి’ ఉంటే అది కావాలని చేసిన పాతదనం.
3. రంగు గీకేసి ఇత్తడిని మెరిపించారా? యుద్ధకాలపు సైనిక పరికరాలు చాలావరకు నల్లగానో ముదురు రంగులోనో ఉండేవి. మెరిస్తే శత్రువుకు కనపడిపోరూ!
4. రెండు కళ్లతో చూస్తే ఒకే బొమ్మ కనిపిస్తోందా? రెండుగా కనిపిస్తే గొట్టాల వరుస తప్పినట్టు. అలంకరణకు ఫర్వాలేదు. వాడాలంటే మాత్రం నిపుణుల చేతికి వెళ్లాల్సిందే.
5. అమ్మేవాళ్ల చేతికి ఎలా వచ్చింది? బిల్లు ఇస్తారా? సైన్యం ఇప్పటికీ వాడుతున్న సామాను ఎవరైనా బయట అమ్ముతుంటే దగ్గరికి కూడా వెళ్లకండి.

ఇంకో మాట. చదువుకునే రోజుల్లో అప్పు చేసి ఏదీ కొనొద్దు. కొనకుండానే ఈ అభిరుచి మొదలుపెట్టొచ్చు. మీ ఊళ్లో మాజీ సైనికుల ఇళ్లలో, కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్ బీరువాల్లో ఎన్ని పాత పరికరాలు దుమ్ము కొట్టుకుపోతున్నాయో కనుక్కోండి. విశాఖ వెళ్తే బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామిని చూడండి. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకుని, 2002లో మ్యూజియం అయింది. సెల్ఫీ తీసుకుని వచ్చేయకుండా పెరిస్కోప్ దగ్గర కాసేపు ఆగండి.

చింతపండుతో తోమేయకండి

ఇంటికి తెచ్చాక అందరూ చేసే మొదటి తప్పు శుభ్రం చేయడం! ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండుతోనో పాలిష్‌తోనో రుద్దేస్తే, దాని వయసు చెప్పే నలుపు, రంగు, సన్నటి అక్షరాలు అన్నీ పోతాయి. బయటి భాగాన్ని మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు. లెన్స్ మీద ముందు రబ్బరు బ్లోయర్‌తో దుమ్ము ఊదండి. తర్వాత మెత్తటి బ్రష్. అప్పటికీ మరక ఉంటేనే లెన్స్ పేపర్‌పై ఒక చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్. చొక్కా అంచుతో అస్సలు తుడవొద్దు.

మన కొల్లేటి ప్రాంతంలో అసలు శత్రువు తేమ. తోలు పెట్టె అందంగా ఉంటుంది కానీ చెమ్మను పట్టి ఉంచుతుంది. అందుకే పెట్టెను విడిగా, పరికరాన్ని విడిగా ఉంచండి. బిగుతైన మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి పెట్టండి. వానాకాలంలో జెల్ రంగు మారిందేమో నెలకోసారి చూసుకోండి. షోకేస్‌లో పెట్టాలంటే వెలుతురు, గాలి తగిలే చోటు మంచిది కానీ నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర వద్దు. భూతద్దంతో కాగితం కాల్చిన ఆట గుర్తుందిగా? లెన్స్ అదే పని మీ కర్టెన్ మీద చేస్తుంది. వీటితో సూర్యుణ్ని మాత్రం ఎప్పుడూ చూడకండి. చూపు పోతుంది.

పాత దిక్సూచీలు, డయళ్ల విషయంలో మరీ జాగ్రత్త. చీకట్లో వెలగడానికి ఒకప్పుడు రేడియం కలిపిన రంగు పూసేవారు. ‘ఇప్పుడు వెలగట్లేదు కదా’ అని తేలిగ్గా తీసుకోవద్దు. అరిగిపోయింది వెలుగిచ్చే పదార్థం మాత్రమే. రేడియం-226 సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. పసుపు, గోధుమ రంగులో పెచ్చులు లేస్తున్న డయల్ కనిపిస్తే తెరవొద్దు, గీకొద్దు, పడక గదిలో పెట్టొద్దు. అనుమానంగా ఉంటే కొనకపోవడమే మంచిది.

తుపాకీకి బిగించే స్కోప్‌లు, నైట్ విజన్ పరికరాల జోలికి వెళ్లకండి. చట్టపరమైన చిక్కులు తెచ్చిపెడతాయి. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. వాటిని సొంతంగా విదేశాలకు పంపడం కుదరదు. ‘అమెరికాలో ఎక్కువ ధర వస్తుందట’ అని ఎవరైనా ఆశపెడితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆఫర్ లెటర్‌నూ ఇలాగే తిరగేయండి

ఇప్పుడు అసలు విషయం. నా టెలిస్కోప్ కథ జరిగిన కొన్ని నెలలకు మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ‘‘అన్నయ్యా, జాబ్ వచ్చేసింది! ట్రైనింగ్ డిపాజిట్ 40 వేలు రేపటికల్లా కట్టాలంట. నాన్న బంగారం తాకట్టు పెడతానంటున్నారు’’ అన్నాడు. గొంతులో ఆనందం తన్నుకొస్తోంది. ఆఫర్ లెటర్ పంపమన్నా. రంగుల లోగో, గుండ్రటి స్టాంపు, కింద సంతకం. చూడ్డానికి ఏ లోటూ లేదు. నా టెలిస్కోప్‌కు మాత్రం ఏం లోటుండేది?

అవే ప్రశ్నలు వేశా. ‘2009 నుంచి సేవలందిస్తున్నాం’ అని లెటర్‌లో ఉంది. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి చూస్తే రిజిస్టరైంది అంతకు ముందు ఏడాదే. మెయిల్ వచ్చింది ఎవరైనా తెరుచుకోగల ఉచిత ఐడీ నుంచి. ఇంటర్వ్యూ జరిగింది చాట్‌లో. తేదీకి, పేరుకు పొంతన లేదు. అదే 1917, 1947 కథ!

‘‘తమ్ముడూ, డబ్బు కట్టకు. ఒక్కరోజు ఆగు’’ అన్నా. వాడికి కోపం వచ్చింది. నీకు రాలేదని నాకూ రావద్దా అన్నట్టు మాట్లాడాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు కూడా. మూడో రోజు ఆ ఫోన్ నంబరు స్విచాఫ్. పిన్నివాళ్ల బంగారం ఇంట్లోనే ఉంది.

అందుకే చెబుతున్నా. ఉద్యోగం ఇచ్చే కంపెనీ మీకు జీతం ఇస్తుంది, మీ దగ్గర డిపాజిట్ తీసుకోదు. లెటర్‌లో ఉన్న నంబరుకు కాకుండా, కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. ఇప్పటికే మోసపోయి ఉంటే సిగ్గుపడి దాచొద్దు. 1930కి వెంటనే ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్.

హాబీల వరుసలో ఏం రాయాలి?

‘లిజనింగ్ టు మ్యూజిక్, ప్లేయింగ్ క్రికెట్’. మనలో చాలామంది రెజ్యూమె చివర ఉండేది ఇదే. నాదీ అంతే. ఓసారి ప్యానెల్‌లో ఒకాయన ‘ఏ రాగం ఇష్టం?’ అని అడిగితే నీళ్లు నమిలా. తర్వాత ఆ వరుస తీసేసి ‘పాత ఆప్టికల్ పరికరాల పరిశీలన, ఇప్పటివరకు రెండు. అందులో ఒకటి నకిలీ’ అని రాశా.

తర్వాతి ఇంటర్వ్యూలో అందరి కళ్లూ ఆ ‘నకిలీ’ అన్న మాట మీదే. ఎలా తెలిసిందని అడిగారు. చెప్పా. కోటింగ్ గురించి అడిగారు. 0.96 లెక్క బోర్డు మీద వేసి చూపించా. ‘నీ కొలతలో ఎంత వచ్చింది?’ అన్నారు. ఫోన్ లక్స్ మీటర్‌తో కొలిస్తే లెక్క కన్నా తక్కువ వచ్చిందని, ఫంగస్ వల్ల కొంత పోయి ఉండొచ్చని, ఫోన్ సెన్సర్ కూడా అంత కచ్చితం కాదని ఉన్నదున్నట్టు చెప్పా. ఇరవై నిమిషాలు దాని మీదే నడిచింది. ఆ ఉద్యోగం వచ్చిందా? రాలేదు. కానీ వణుకు పోయింది. నెలన్నర తర్వాత మరో కంపెనీలో, ఫోన్ కెమెరా మాడ్యూళ్లను పరీక్షించే పనిలో చేరా. అక్కడ మొదటి రోజు చేతికిచ్చిన తనిఖీ పత్రం, నేను తాతగారి బైనాక్యులర్‌కు రాసుకున్న కార్డు ఒకేలా ఉన్నాయి.

ఆ కార్డు మీరూ రాయండి. ఒక్క పేజీ చాలు. వస్తువు పేరు, గుర్తులు, కొలతలు, ఇప్పటి పరిస్థితి, ఎవరి దగ్గర నుంచి వచ్చింది, నేనేం చేశాను, నాకు ఇంకా తేలని విషయం ఏంటి. చివరి వరుసను ఖాళీగా వదలొద్దు. తెలియనిదాన్ని స్పష్టంగా రాయగలిగినవాళ్లను క్వాలిటీ, టెస్టింగ్ విభాగాలు ఇష్టపడతాయి. కోడింగ్ వస్తే పైథాన్‌లో ఉచితంగా దొరికే రే ట్రేసింగ్ లైబ్రరీలతో అదే ప్రిజం, అదే లెన్స్ గీసి చూడండి. షెల్ఫ్ మీది వస్తువు మినీ ప్రాజెక్ట్ అయిపోతుంది.

ఉద్యోగాలు కొల్లేటికి అవతలే

‘ఇంత చేసి, ఆప్టిక్స్‌లో ఉద్యోగాలున్నాయా?’ అంటారేమో. కొల్లేరు దాటి కైకలూరు, గుడివాడ మీదుగా బందరు వెళ్లండి. 1926లో అక్కడ ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ మొదలైంది. స్వాతంత్ర్యానికి రెండు దశాబ్దాల ముందే ఓ తెలుగు ఊళ్లో సైన్స్ పరికరాలు తయారు చేశారు! 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ (బెల్) తీసుకుంది. నేడు సైన్యానికి రాత్రిపూట చూసే పరికరాలు అందించే యూనిట్ అదే. తాతగారి బైనాక్యులర్ వంశంలో నేటి తరం తయారవుతున్నది మన పక్క జిల్లాలోనే.

బెల్‌లో ప్రొబేషనరీ ఇంజినీర్ పోస్టులకు రాత పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ట్రైనీ, ప్రాజెక్ట్ ఇంజినీర్ల పోస్టులు ఒప్పంద పద్ధతిలో వస్తుంటాయి. ఎలక్ట్రానిక్స్, మెకానికల్ వాళ్లకు వీటిలో ఎక్కువ అవకాశం. డిప్లొమా, ఐటీఐ వాళ్లు అప్రెంటిస్ ప్రకటనలు గమనించాలి. సైన్యానికి ఆప్టికల్ పరికరాలు డిజైన్ చేసే డీఆర్‌డీవో ల్యాబ్ ఐఆర్‌డీఈ దేహ్రాదూన్‌లో ఉంది. సైంటిస్ట్ ‘బి’ పోస్టులకు గేట్ స్కోరు కీలకం. 2021లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల పునర్వ్యవస్థీకరణతో ఏర్పడిన ఇండియా ఆప్టెల్ లిమిటెడ్ కూడా దేహ్రాదూన్ కేంద్రంగానే నడుస్తోంది. ఉపగ్రహాల సెన్సర్లపై పనిచేసే ఇస్రో ల్యాబ్ లియోస్ బెంగళూరులో ఉంది. పైచదువుకు ఐఐటీ దిల్లీలో అప్లైడ్ ఆప్టిక్స్ ఎంటెక్, కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో ఫొటోనిక్స్ కోర్సులున్నాయి. ప్రైవేటులో ఫోన్ కెమెరాలు, కంటి వైద్య పరికరాలు, వాహనాల సెన్సర్లు, చిప్‌ల తనిఖీ యంత్రాలు... వీటన్నిటిలోనూ లెన్స్ ఉంది. లెన్స్ ఉన్నచోట దాన్ని పరీక్షించే మనిషీ కావాలి. ప్రకటనలను ఆయా సంస్థల అధికారిక వెబ్‌సైట్లలోనే చూడండి. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను నమ్మకండి. ఎందుకో పైనే చెప్పానుగా!

తాతగారి బైనాక్యులర్‌ను తెలిసిన రిపేరు నిపుణుడి దగ్గర తెరిపించి ఫంగస్ తీయించాం. ఓ మచ్చ మాత్రం గాజులో దిగబడిపోయింది, పోలేదు. మొన్న శీతాకాలంలో తాతగారిని బండి మీద ఎక్కించుకుని ఆటపాకకు తీసుకెళ్లా. చెట్ల మీద గూడబాతులు. ఆయన చాలాసేపు కళ్లకు ఆనించుకుని చూసి, ‘‘మా నాన్న ఉన్నప్పుడు కూడా ఇంత బాగా కనపళ్లేదురా’’ అన్నారు.

నా ఇత్తడి టెలిస్కోప్ ఇప్పటికీ టీవీ పక్కనే ఉంది. కింద చిన్న కార్డు పెట్టా: ‘నకలు. ధర 4,800. తేదీ 1917 అని ఉంది, నమ్మొద్దు.’ ఇంటికొచ్చే కుర్రాళ్లకు ముందు దాన్నే చూపిస్తున్నా.